ప్రిన్స్ ఆఫ్ పర్షియా (1989 నాటి కంప్యూటర్ ఆట)

ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989లో అమెరికాలో విడుదలైన కంప్యూటర్ ఆట. దీన్ని జోర్డన్ మెక్నర్ రూపొందించగా కాలిఫోర్నియాలోని బ్రోడర్‌బండ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రచురించింది. చెరసాలలో చిక్కిన ఒక యువకుడు గంటలోపు రాజభవనం పైఅంతస్తుకు చేరి, దుష్టుడైన వజీరును ఓడించి రాకుమారిని విడిపించడం ఇందులోని కథ. మొదట ఆపిల్ 2 కంప్యూటర్ల కోసం తయారైన ఈ ఆట తర్వాత పదికి పైగా యంత్రాలకు మారింది. 1993 నాటికి ప్రపంచవ్యాప్తంగా 20 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. నిజమైన మనిషి కదలికలను చిత్రీకరించి, వాటి ఆధారంగా గీసిన బొమ్మలతో కథానాయకుడిని నడిపించడం దీని ప్రధాన విశేషం. 1990లలో బాల్యం గడిపిన తరానికి ఇది చిరకాలం గుర్తుండిపోయిన ఆటల్లో ఒకటి.

పేరు, కథా నేపథ్యం

ఆట పేరుకు 'పర్షియా రాకుమారుడు' అని అర్థం. అయితే కథ మొదట్లో నాయకుడు రాకుమారుడు కాడు, ఊరూపేరూ తెలియని పరదేశి. సుల్తాను యుద్ధానికి వెళ్ళిన సమయంలో వజీరు జాఫర్ అధికారాన్ని చేజిక్కించుకుంటాడు. సింహాసనానికి అడ్డుగా ఉన్న రాకుమారి తనను పెళ్ళాడాలని, కాదంటే చనిపోవాలని చెప్పి, తేల్చుకోవడానికి గంట గడువు ఇస్తాడు. ఆమె ప్రేమించిన యువకుడిని అప్పటికే నేలమాళిగలో బంధించి ఉంటాడు. ఆట మొదలయ్యే ముందు వచ్చే దృశ్యంలో వజీరు మంత్రించిన ఇసుక గడియారం రాకుమారి గదిలో నిలబడి ఉంటుంది. ఇసుక మొత్తం జారేలోగా ఆట ముగియాలి.

కథలోని పర్షియా చరిత్రలోని ఇరాన్ కాదు. అరేబియన్ నైట్స్ కథల నుంచి, వాటి ఆధారంగా హాలీవుడ్ తీసిన సాహస చిత్రాల నుంచి కూర్చిన కల్పిత లోకం. జాఫర్ అన్న పేరుకు మూలం అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ కొలువులోని బర్మకీ వంశపు వజీరు. సా.శ. 803లో ఖలీఫా ఆజ్ఞతో మరణించిన ఆయన అరేబియన్ నైట్స్‌లో ఖలీఫా వెంట మారువేషంలో తిరిగే సహచరుడిగా కనిపిస్తాడు. 1940 నాటి ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్ చిత్రంలో ఆ పేరు ప్రతినాయకుడికి దక్కింది. 1992లో డిస్నీ తీసిన అల్లాద్దీన్ చిత్రంలోని మాంత్రిక వజీరుకూ అదే పేరు.

చరిత్ర

*పూర్వరంగం*

మెక్నర్ 1964లో న్యూయార్క్‌లో పుట్టాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే కరాటెకా అనే ఆటను తయారుచేశాడు. 1984లో బ్రోడర్‌బండ్ దాన్ని విడుదల చేసింది. బందీగా ఉన్న యువతిని విడిపించడానికి ఒక యోధుడు శత్రువులను ఒక్కొక్కరినే ఓడిస్తూ కోటలోకి చొచ్చుకుపోవడం అందులోని కథ. సూపర్ 8 ఫిల్మ్ మీద తీసిన మనుషుల కదలికలను చూసి బొమ్మలు గీయడం, సినిమాలోలాగా మధ్యమధ్య దృశ్యాలను చూపించడం మెక్నర్ ఆ ఆటతోనే మొదలుపెట్టాడు. ఆ రెండు పద్ధతులూ ప్రిన్స్ ఆఫ్ పర్షియాకు పునాది అయ్యాయి.

*నిర్మాణ కాలం*

1985లో చదువు పూర్తయ్యాక మెక్నర్ కొత్త ఆట పని మొదలుపెట్టాడు. 1986లో బ్రోడర్‌బండ్ కార్యాలయం ఉన్న సాన్ రఫేల్ పట్టణానికి చేరాడు. సినిమా కథలు రాయాలన్న కోరిక వల్ల మధ్యలో కొంతకాలం పని ఆగింది. మొత్తం నాలుగేళ్ళు పట్టింది. కొన్ని మూలాలను ఆయనే పేర్కొన్నాడు. 1981 నాటి రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్ చిత్రంలో మొదటి పది నిమిషాల సాహసం, లోడ్ రన్నర్, ద క్యాజిల్స్ ఆఫ్ డాక్టర్ క్రీప్ అనే ఆటల్లోని చిక్కుముడి గదులు వాటిలో ముఖ్యమైనవి.

తొలి ఆలోచనలో కత్తి యుద్ధం లేదు. నాయకుడు ఆయుధం లేకుండా ఉచ్చులను తప్పించుకుంటూ వెళ్ళాలన్నది మెక్నర్ అభిప్రాయం. పోరాటం లేకపోతే ఆట చప్పగా ఉంటుందని సహోద్యోగి టోమీ పియర్స్ వాదించింది. కొత్త పాత్రకు సరిపడా చోటు కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో లేకపోవడం వల్ల ఆ సూచన చాలాకాలం అమలు కాలేదు. ఈ ఇబ్బందికి దొరికిన పరిష్కారమే నీడ మనిషి (చూ. నీడ మనిషి). ఆ తర్వాత కోడ్‌ను కుదించి చోటు మిగల్చడంతో కావలివాళ్ళు, కత్తి యుద్ధాలు కూడా ఆటలోకి వచ్చాయి. సంగీతాన్ని మెక్నర్ తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్ సమకూర్చాడు.

*విడుదల*

ఆపిల్ 2 ప్రతి 1989 అక్టోబరులో విడుదలైంది. అప్పటికి ఆపిల్ 2 కంప్యూటర్ల కాలం ముగింపుకు వస్తోంది. దానివల్ల మొదట్లో అమెరికాలో అమ్మకాలు మందకొడిగా సాగాయి. 1990లో ఐబీఎం తరహా కంప్యూటర్లకు డాస్ ప్రతి, యూరప్‌లో బాగా వాడుకలో ఉన్న అమీగా, అటారీ ఎస్‌టీ ప్రతులు, జపాన్‌లో పీసీ-98 ప్రతి వచ్చాయి. జపాన్, యూరప్‌లలో లభించిన ఆదరణ తర్వాతే అమెరికాలోనూ గిరాకీ పెరిగింది. 1992లో వచ్చిన మెకింటాష్ ప్రతి దాన్ని మరింత పెంచింది.

చలన చిత్రణ విధానం

నిజమైన మనిషి కదలికను చిత్రీకరించి, ఒక్కొక్క చిత్రం మీద గీతలు గీసి బొమ్మ చలనాన్ని సాధించే పద్ధతిని రోటోస్కోపింగ్ అంటారు. దీన్ని మ్యాక్స్ ఫ్లైషర్ కనిపెట్టాడు. ఆయనకు 1917లో పేటెంట్ లభించింది. కార్టూన్ చిత్రాల కోసం పుట్టిన ఈ పద్ధతిని మెక్నర్ ఇంటి కంప్యూటర్‌కు అన్వయించాడు.

1985లో ఆయన తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లని దుస్తులు వేయించి, వాహనాలు నిలిపే ఖాళీ స్థలంలో పరుగెత్తడం, దూకడం, ఎక్కడం వీడియో తీశాడు. తర్వాత పని ఈ క్రమంలో సాగింది.

1. వీడియోను టీవీలో ఒక్కో చిత్రం దగ్గర ఆపి, మామూలు 35 మిల్లీమీటర్ల కెమెరాతో ఫొటోలు తీశాడు.
2. ఫొటోలో మనిషి ఆకారం చుట్టూ నల్ల మార్కరు, తెల్ల రంగు పూసి, ఆకారాన్ని నేపథ్యం నుంచి వేరుచేశాడు.
3. ఆ ఫొటోలను వరుసగా పేర్చి జిరాక్స్ తీశాడు.
4. జిరాక్స్ కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, చుక్కచుక్కనూ చేత్తో సరిదిద్దాడు.

కత్తి యుద్ధానికి 1938 నాటి ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్ చిత్రం ఉపయోగపడింది. అందులో ఎరల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ తలపడే చివరి యుద్ధంలో, ఇద్దరూ పక్క నుంచి స్పష్టంగా కనిపించే కొన్ని సెకన్ల భాగాన్ని మెక్నర్ ఎంచుకున్నాడు.

అప్పటి ఆటల్లో బొమ్మలు రెండు మూడు భంగిమలతోనే పరుగెత్తేవి, మీట నొక్కగానే ఆగిపోయేవి. ఇక్కడి నాయకుడు పరుగు అందుకోవడానికి కొన్ని అడుగులు వేస్తాడు, ఆగే ముందు కాళ్ళు నిలదొక్కుకుంటాడు, దూకిన తర్వాత మోకాళ్ళు వంచి నిలబడతాడు. శరీరానికి బరువు ఉన్నట్టు కనిపించడం వల్ల అతను పడితే చూసేవాళ్ళకు దెబ్బ తగిలినట్టు అనిపిస్తుంది. ఆడే తీరును కూడా ఈ చిత్రణే నిర్ణయించింది. మీట నొక్కిన తర్వాత ఆ కదలిక పూర్తయ్యేదాకా వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆటగాడు ప్రతి దూకుడునూ ఒక అడుగు ముందే ఆలోచించుకోవాలి.

ఆట నియమాలు

*గదులు, పలకలు*

ఒక్కో స్థాయిలో గరిష్ఠంగా 24 గదులు ఉంటాయి. ఒక గది ఒక తెర నిండా కనిపిస్తుంది. గది అడ్డంగా 10, నిలువుగా 3 గళ్ళుగా విభజించి ఉంటుంది. నాయకుడు గది అంచు దాటితే తెర పక్కకు జరగదు, తర్వాతి గది ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. గళ్ళ కొలతలకు తగినట్టుగానే దూకుడు దూరాలు ఉండడం వల్ల అనుభవం ఉన్న ఆటగాడు ఏ గుంతను నిలబడి దూకవచ్చో, దేనికి పరుగు అవసరమో చూడగానే లెక్క వేయగలడు.

*కదలికలు*

డాస్ ప్రతిలో బాణం మీటలతో నడక, దూకుడు, ఎక్కడం, వంగడం చేయాలి. షిఫ్ట్ మీటను కలిపి నొక్కితే జాగ్రత్తగా ఒక్కో అడుగు పడుతుంది, అంచు పట్టుకుని వేలాడడమూ సాధ్యమవుతుంది. వస్తువులను తీసుకోవడం, కత్తి దూయడం, పొడవడం కూడా ఆ మీటతోనే. ఒక అంతస్తు ఎత్తు నుంచి పడితే ఏమీ కాదు. రెండంతస్తుల నుంచి పడితే ప్రాణబలం ఒక పాలు తగ్గుతుంది. మూడంతస్తుల నుంచి పడితే మరణం తప్పదు.

*ఉచ్చులు*

- ములుకులు: దగ్గరికి రాగానే నేలలోంచి పైకి లేస్తాయి. మెల్లగా నడిచి దాటవచ్చు. పరుగెత్తినా, వాటిపై దూకినా ప్రాణం పోతుంది.
- కోత కత్తెరలు: నేల నుంచి, పైకప్పు నుంచి వచ్చే రెండు పదునైన పళ్ళ వరుసలు ఠక్కున కలుసుకుని విడిపోతుంటాయి. అవి తెరుచుకున్న క్షణంలో దాటాలి.
- ఊగే పలకలు: అడుగు పెట్టగానే కదిలి కింద పడిపోతాయి. కింద ఉన్నవాళ్ళకు తగిలితే గాయం చేస్తాయి.
- మీట పలకలు: కొన్ని తొక్కితే తలుపు తెరుచుకుంటుంది, మరికొన్ని తొక్కితే మూసుకుపోతుంది. తెరిచిన తలుపు నెమ్మదిగా కిందికి దిగుతుంది కాబట్టి ఆలోపు చేరుకోవాలి.

*ప్రాణబలం, సీసాలు*

తెర కింద ఎడమవైపు ఎర్రని త్రిభుజాలు నాయకుడి ప్రాణబలాన్ని సూచిస్తాయి. మొదట మూడు ఉంటాయి. దారిలో దొరికే చిన్న సీసా పోయిన ఒక త్రిభుజాన్ని తిరిగి ఇస్తుంది. పెద్ద సీసా త్రిభుజాల సంఖ్యను ఒకటి పెంచుతుంది. కొన్ని సీసాల్లో విషం ఉంటుంది. రెండు సీసాలు వేరే తరహావి. ఒకటి తాగితే నాయకుడు దూదిలా తేలుతూ కిందికి దిగుతాడు. మరొకటి తాగితే తెర తలకిందులవుతుంది.

*కత్తి యుద్ధం*

కత్తి మొదటి స్థాయిలోనే ఒక మూల దొరుకుతుంది. అది లేకుండా కావలివాడి ఎదుట పడితే ఒక్క వేటుకే చావు. పోరాటంలో ముందుకు, వెనక్కి కదలడం, పొడవడం, ఎదుటి వేటును అడ్డుకోవడం ఉంటాయి. కావలివాళ్ళ బలం, నేర్పు ఒక్కో చోట ఒక్కో రకం.

*కాలపరిమితి*

ఆట మొత్తానికి 60 నిమిషాల గడువు. ఎన్నిసార్లు చచ్చినా అదే స్థాయిని మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కానీ గడిచిన కాలం తిరిగి రాదు. ఇతర ఆటల్లో మూడు 'ప్రాణాలు' అయిపోతే ఆట ముగిసేది. ఇక్కడ ఖర్చయ్యేది నిమిషాలు. మూడో స్థాయి నుంచి ఆటను దాచుకునే వీలుంది. దాచుకున్న ఆటలో మిగిలిన సమయం కూడా నమోదవుతుంది. అందువల్ల తొలి స్థాయిల్లో ఆలస్యం చేసినవాళ్ళకు చివరి స్థాయిల్లో గడువు చాలదు. తిరిగి మొదటికి వెళ్ళి అదే దారిని వేగంగా దాటడం అలవాటు చేసుకోవలసి వస్తుంది.

స్థాయిల క్రమం

ఆటలో పన్నెండు స్థాయిలు ఉన్నట్టు లెక్క. చివరి పోరాటాన్ని విడిగా తీసుకుంటే పదమూడు. నేలమాళిగలోని బూడిదరంగు రాళ్ళు, భవనంలోని అలంకరించిన తోరణాలు వంతులవారీగా కనిపిస్తాయి.

మొదటి మూడు స్థాయిలు నేలమాళిగలో సాగుతాయి. మూడో స్థాయిలో ఒక అస్థిపంజరం లేచి కత్తి దూస్తుంది. దాన్ని చంపడం సాధ్యం కాదు, గుంతలోకి నెట్టాలి. నాలుగు నుంచి ఆరు వరకు భవనం. నాలుగో స్థాయి చివర దారికి అడ్డంగా నిలువుటద్దం వస్తుంది. ఆరో స్థాయిలో లావుపాటి కావలివాడు ఎదురవుతాడు. ఆ స్థాయి చివర నాయకుడు మళ్ళీ నేలమాళిగలోకి పడిపోతాడు. ఏడు నుంచి తొమ్మిది వరకు అక్కడే. ఎనిమిదో స్థాయిలో మూసుకుపోయిన తలుపు అవతల నాయకుడు చిక్కుకున్నప్పుడు, రాకుమారి పంపిన చిట్టెలుక వచ్చి మీట పలకను తొక్కుతుంది. పది, పదకొండు స్థాయిలు భవనంలో, చివరి భాగం ఎత్తైన బురుజులో జరుగుతాయి. వజీరును ఓడించాక రాకుమారి గది తలుపు తెరుచుకుంటుంది.

నీడ మనిషి

నాలుగో స్థాయిలోని అద్దాన్ని దాటడానికి పరుగెత్తి దానిలోంచి దూకడం ఒక్కటే మార్గం. అప్పుడు నాయకుడి ప్రతిబింబం అద్దంలోంచి బయటపడి రెండోవైపు పారిపోతుంది. నాయకుడి ప్రాణబలంలో ఒక్క పాలు మాత్రమే మిగులుతుంది. ఆ ప్రతిబింబమే నీడ మనిషి. ఐదో స్థాయిలో అది నాయకుడికి దక్కవలసిన పెద్ద సీసాను ముందే తాగేస్తుంది. ఆరో స్థాయి చివర అతని ఎదుటే తలుపు మూసి కిందికి పడేలా చేస్తుంది.

పన్నెండో స్థాయిలో ఇద్దరూ కత్తులతో తలపడతారు. నీడను పొడిస్తే ఆ గాయం నాయకుడికీ తగులుతుంది. కత్తిని ఒరలో పెట్టి ఎదురుగా నడిస్తే ఇద్దరూ ఒక్కటవుతారు. ఆ తర్వాత ఖాళీగా కనిపించే గాలిలో అడుగు వేస్తే కాళ్ళ కింద నేల ప్రత్యక్షమవుతుంది.

సాంకేతికంగా ఈ పాత్రకు కొత్త బొమ్మలు అవసరం పడలేదు. నాయకుడి బొమ్మను ఒక చుక్క పక్కకు జరిపి, ఎక్స్‌ఆర్ అనే గణన ద్వారా దాని మీదే మళ్ళీ కలిపితే మెరిసే నీడలాంటి ఆకారం వచ్చింది. జ్ఞాపకశక్తిలో అదనపు చోటు దాదాపు తీసుకోకుండానే ఒక ప్రత్యర్థి తయారయ్యాడు. యంత్రం పరిమితి నుంచి పుట్టిన ఈ ఉపాయమే తన శత్రువు తానే అన్న కథాంశానికి దారితీసింది. అందుకే ఆటల రూపకల్పన గురించిన చర్చల్లో ఇది తరచూ ఉదాహరణగా వస్తుంది.

ప్రతులు, రూపాంతరాలు

ఆపిల్ 2 ప్రతిని మెక్నర్ 6502 ప్రాసెసర్ అసెంబ్లీ భాషలో రాశాడు. డాస్ ప్రతిలో సీజీఏ నుంచి 256 రంగుల వీజీఏ వరకు వేర్వేరు తెరలకు తగిన బొమ్మలు ఉన్నాయి. సౌండ్ కార్డు లేని యంత్రాల్లో లోపలి స్పీకరు నుంచే సంగీతం వినిపించేది.

నకలు ప్రతులను అరికట్టడానికి డాస్ ప్రతిలో మొదటి స్థాయి తర్వాత ఒక గది పెట్టారు. అక్కడ అక్షరాలు రాసి ఉన్న సీసాల్లో సరైనదాన్ని తాగాలి. ఏది సరైనదో ఆటతో పాటు వచ్చే పుస్తకంలో సూచించిన పదాన్ని చూస్తేనే తెలుస్తుంది. ఇదే ప్రతిలో 'మెగాహిట్' అనే పదంతో ఆటను తెరిస్తే స్థాయిలను దాటవేయడం వంటి సౌకర్యాలు వచ్చేవి. నిర్మాతలు పరీక్షల కోసం పెట్టుకున్న ఈ పదం ఆటగాళ్ళలో బాగా ప్రచారమైంది.

1992లో సూపర్ నింటెండో యంత్రానికి వచ్చిన రూపాంతరం విస్తృతమైనది. అందులో స్థాయిలు 20, గడువు 120 నిమిషాలు. గేమ్ బాయ్‌కు, నింటెండో, సెగా సంస్థల ఇతర యంత్రాలకూ ప్రతులు వచ్చాయి. 2007లో బొమ్మలను కొత్తగా తీర్చిదిద్దిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా క్లాసిక్ విడుదలైంది.

తర్వాతి ఆటలు

1993లో రెండో భాగం ద షాడో అండ్ ద ఫ్లేమ్ వచ్చింది. 1999 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా 3డి ఆశించిన ఆదరణ పొందలేదు. తర్వాత ఈ శ్రేణి ఫ్రాన్స్‌కు చెందిన యూబిసాఫ్ట్ సంస్థ చేతికి వచ్చాక, 2003లో దాని మాంట్రియల్ శాఖ ద శాండ్స్ ఆఫ్ టైమ్‌ను రూపొందించింది. కథ రాసినది మెక్నర్. మాయ బాకుతో కాలాన్ని కొన్ని క్షణాలు వెనక్కి తిప్పి తప్పును దిద్దుకోవడం అందులోని కొత్త అంశం. మొదటి ఆటలో తిరిగిరాని కాలమే ఆటగాడికి శత్రువు. ఈ ఆటలో కాలం అతని చేతిలోని ఆయుధం.

2004లో వారియర్ విదిన్, 2005లో ద టూ థ్రోన్స్ వచ్చాయి. ఈ శ్రేణిలో మరో ఆటగా మొదలైన పనే వేరే దారి పట్టి 2007లో అసాసిన్స్ క్రీడ్‌గా విడుదలైంది. 2010లో డిస్నీ సంస్థ శాండ్స్ ఆఫ్ టైమ్ కథను మైక్ న్యూవెల్ దర్శకత్వంలో, జేక్ జిలెన్‌హాల్ నాయకుడిగా సినిమాగా తీసింది. 2024 జనవరిలో వచ్చిన ద లాస్ట్ క్రౌన్ మళ్ళీ పక్క నుంచి కనిపించే పాత పద్ధతికి మళ్ళింది. ఇరానీ పురాణాల్లోని సీమూర్గ్ పక్షి, కాఫ్ పర్వతం ఆ కథలో ఉన్నాయి. ఆటను ఫార్సీ సంభాషణలతోనూ ఆడే వీలుంది.

ఆటల ప్రక్రియపై ప్రభావం

సహజమైన కదలికలు, తెర మీద అంకెలూ పట్టికలూ తక్కువగా ఉండడం, మాటలు లేని దృశ్యాలతో కథ చెప్పడం కలిసిన ఆటలను 'సినిమాటిక్ ప్లాట్‌ఫార్మర్' అంటారు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఈ ప్రక్రియకు మార్గదర్శి. 1991లో ఎరిక్ షాయీ రూపొందించిన అనదర్ వరల్డ్, 1992 నాటి ఫ్లాష్‌బ్యాక్, 1997 నాటి ఏబ్స్ ఆడిసీ, 2010 నాటి లింబో ఈ కోవలోకి వస్తాయి. గళ్ళ కొలతతో దూకడం, అంచు పట్టుకుని వేలాడడం 1996 నాటి టూంబ్ రైడర్‌లో మూడు కొలతల లోకంలోనూ కనిపిస్తాయి.

ఆదరణ, బాల్య స్మృతి

చిన్ననాటి ఆట మీద పెద్దయ్యాక కలిగే మమకారాన్ని నాస్టాల్జియా అనే విస్తృత భావంలో భాగంగా చూస్తారు. ఈ పదాన్ని 1688లో స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి యోహానెస్ హోఫర్ సృష్టించాడు. ఇంటికి తిరిగి రావడం, బాధ అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల కలయిక ఇది. అప్పట్లో దీన్ని పరదేశంలో ఉన్న సైనికులకు వచ్చే జబ్బుగా భావించారు. ఇటీవలి మనస్తత్వ శాస్త్రం ఒంటరితనాన్ని తగ్గించి ఆత్మీయతను గుర్తుచేసే భావంగా దీన్ని పరిగణిస్తోంది. నడివయసు దాటినవాళ్ళు తమ జీవితంలో సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగిన విషయాలనే ఎక్కువగా తలుచుకుంటారని జ్ఞాపకశక్తి పరిశోధనల్లో పదేపదే తేలింది.

ఈ ఆట విషయంలో ఆ మమకారానికి ఆట నిర్మాణంలోనే కొన్ని కారణాలు కనిపిస్తాయి. చచ్చిన ప్రతిసారీ అదే దారిన వెళ్ళవలసి రావడం వల్ల గదుల వరుస, ఉచ్చుల లయ కంఠస్థమవుతాయి. తలుపు దిగే చప్పుడు, కోత కత్తెరల శబ్దం గదిని చూడకముందే ప్రమాదాన్ని సూచిస్తాయి. నేపథ్య సంగీతం నిరంతరం మోగదు. ముఖ్య ఘట్టాల్లోనే వినిపిస్తుంది కాబట్టి ఆ చిన్న రాగం ఆ ఘట్టంతో ముడిపడి గుర్తుంటుంది. అద్దం, నీడ, చిట్టెలుక వంటి ఘట్టాలకు ఆటలో ఎక్కడా వివరణ ఉండదు. ఇంటర్నెట్ విస్తరించని కాలంలో పిల్లలు ఈ రహస్యాలను ఒకరి నుంచి ఒకరు తెలుసుకున్నారు. ఒకరు మీటలు నొక్కుతుంటే పక్కన ఉన్నవాళ్ళు సూచనలివ్వడం సాధారణంగా ఉండేది. అందువల్ల ఆట జ్ఞాపకంలో తోటివాళ్ళ జ్ఞాపకం కూడా కలిసి ఉంటుంది.

భారతదేశంలో

భారతదేశంలో 1990లలో ఈ ఆట ప్రధానంగా డాస్ కంప్యూటర్ల ద్వారా తెలిసింది. ఇళ్ళలో కంప్యూటర్ అరుదైన రోజుల్లో పాఠశాలల ప్రయోగశాలలు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, పెద్దల కార్యాలయాలే పిల్లలకు ఆట స్థలాలు. ఫ్లాపీల మీద ప్రతులు చేతులు మారేవి, వాటిలో ఎక్కువ భాగం అనుమతి లేని నకళ్ళే. డేంజరస్ డేవ్, డిగ్గర్ వంటి ఆటలతో పాటు ఇది కూడా ఒకే యంత్రంలో కనిపించేది. డాస్ తెర మీద ఆటను తెరవడానికి టైపు చేయవలసిన ఆదేశం కూడా 'ప్రిన్స్' అనే.

తెలుగు పిల్లలకు ఈ కథ తీరు కొత్త కాదు. రాకుమారిని చెరపట్టిన మాంత్రికుడు, ఆమె కోసం సాహసానికి పూనుకునే సామాన్య యువకుడు తెలుగు జానపద చిత్రాల్లో సుపరిచితులు. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన పాతాళ భైరవి ఆ ఒరవడికి ప్రసిద్ధ ఉదాహరణ. చందమామ పత్రిక ధారావాహికలు, అరేబియన్ నైట్స్ తెలుగు అనువాదాలు కూడా ఇలాంటి లోకాన్నే పరిచయం చేశాయి.

నిర్మాణపరంగానూ ఈ శ్రేణికి భారతదేశంతో సంబంధం ఉంది. శాండ్స్ ఆఫ్ టైమ్ పునర్నిర్మాణాన్ని 2020లో ప్రకటించినప్పుడు ఆ పనిని యూబిసాఫ్ట్ పుణె, ముంబయి శాఖలు చేపట్టాయి. 2022లో అది మాంట్రియల్ శాఖకు బదిలీ అయింది.

విమర్శలు

ఆట మీద మూడు రకాల విమర్శలు ఉన్నాయి. మొదటిది కదలికల గురించి. చిత్రణ సహజంగా ఉండడం కోసం మీట నొక్కడానికీ ఫలితానికీ మధ్య జాప్యం ఏర్పడింది. వేగంగా స్పందించే ఆటలకు అలవాటుపడినవాళ్ళకు ఇది మొరటుగా తోస్తుంది. రెండోది కథలో స్త్రీ స్థానం. చిట్టెలుకను పంపడం మినహా రాకుమారికి చేయడానికి పనేమీ లేదు. మూడోది నేపథ్యం. పర్షియా, అరబ్బు సంస్కృతులను వేరుచేయకుండా మాయలు, క్రూరులైన వజీరులు ఉండే తూర్పు లోకంగా చూపడం పాశ్చాత్య సాహిత్యం, సినిమాల నుంచి వచ్చిన మూస అని పరిశీలకులు అంటారు. లాస్ట్ క్రౌన్‌లో ఇరానీ పురాణాలకు, ఫార్సీ భాషకు చోటు దక్కడం ఈ చివరి అంశంలో వచ్చిన మార్పును సూచిస్తుంది.

సంరక్షణ

ఆపిల్ 2 ప్రతి మూల సంకేతం (సోర్స్ కోడ్) పోయిందని మెక్నర్ చాలా ఏళ్ళు భావించాడు. 2012లో ఆయన తండ్రి ఇంట్లోని ఒక పెట్టెలో పాత మూడున్నర అంగుళాల డిస్కులు దొరికాయి. అయస్కాంత పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది కాబట్టి డిస్కులను జాగ్రత్తగా చదవవలసి వచ్చింది. డిజిటల్ భాండాగారాల నిర్వాహకుడు జేసన్ స్కాట్, ఆపిల్ 2 నిపుణుడు టోనీ డియాజ్ ఆ పనిలో సాయపడ్డారు. అదే ఏడాది ఏప్రిల్‌లో సంకేతాన్ని గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు.

ఆట తయారీ కాలంలో మెక్నర్ రాసుకున్న దినచర్య ద మేకింగ్ ఆఫ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియా పేరుతో పుస్తకంగా వెలువడింది. ఒక ఆట పుట్టుకను ఏనాటిది ఆనాడే నమోదు చేసిన అరుదైన ఆధారాల్లో అది ఒకటి. డాస్ ప్రతిని విశ్లేషించి అభిమానులు తయారుచేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రూపం నేటి కంప్యూటర్లలోనూ నడుస్తుంది. స్థాయిలను మార్చే పరికరాలతో కొత్త గదులు, కొత్త దారులు తయారుచేసేవాళ్ళూ ఉన్నారు.